నేలకు చేరని పూత

నమోదు 41

పొద్దున్న ఆఫీసుకి వచ్చేసరికి నా బల్ల మీద వేళ్ళతో సహా పీకిన బొబ్బర మొక్క ఒకటి పడుకోబెట్టి ఉంది. వేళ్ళకున్న ఇసుక బల్లంతా రాలింది. ఎదురుగా బెంచీ మీద ఒకావిడ చెంగు బిగించుకుని కూర్చుంది. పేరు సూరాడ బండెమ్మ. నీళ్ళ మీది తెప్పల ఊరు నీటూరు నుంచి గట్టెక్కి రెండేళ్ళు కావస్తోందట.

"ఇది సచ్చిపోనాదమ్మా. ఎందుకు సచ్చిపోనాదో సెప్పీవోరు ఈ ఆఫీసులో ఉన్నారన్నారు," అంది.

ఎవరన్నారో గానీ తప్పు చెప్పారు. మాది మొక్కల ఆఫీసు కాదు, పరీక్షల ఆఫీసు. పూతలు, జిగుర్లు, సబ్బులు, దీపాల నూనెలు... కార్ఖానాలు కొత్తగా ఏ రసాయనం తయారుచేసినా అది జనంలోకి వెళ్ళేముందు దాన్ని వేటి మీద పరీక్షించాలో, వేటి మీద అక్కర్లేదో తేల్చడమే మా పని. ఆ మాటే చెప్పాను.

"మొక్కల ఆఫీసుకీ ఎల్లినాను. ముందు పంటకి ఉప్పన్నారు. ఇప్పుడు ముడత తెగులంతన్నారు. మీకు సేద్యం సేతకాదని మాత్రం రెండుసార్లూ అన్నారు."

మొక్కని చేతిలోకి తీసుకున్నాను. ఆకులు దొప్పల్లా లోపలికి ముడుచుకుపోయాయి. తెగులు వచ్చినా ఆకులు ముడుచుకుంటాయి, నిజమే. కానీ ఈ మొక్క కాడ కూడా తాడు పేనినట్టు మెలితిరిగి ఉంది. తెగులుకి కాడ ఇలా తిరగడం నేనెక్కడా చూడలేదు. రేపు మడికి వస్తానని చెప్పి పంపించాను.

ఈ నమోదులు కొట్టుకోమని ఆఫీసు ఇచ్చిన రాతమరతో ఇంకో బాధ. మనం కొట్టిందల్లా చదివి, బాగోని మాటల్ని బాగుచేస్తానంటుంది. 'మొక్క చచ్చిపోయింది' అని కొడితే 'ఆశించినంత ఎదగలేదు అని మార్చమంటారా?' అని అడిగింది. వద్దన్నాను.

నమోదు 42

రెండు నాచురొట్టెలు మూటగట్టుకుని బండెమ్మ మడి చూడటానికి బయల్దేరాను. గట్టంటే పెద్ద గట్టేమీ కాదు. ముత్తాతల కాలంలో సముద్రం మింగేసి, మా కాలానికి వెనక్కి వదిలిన ఇసుక దిబ్బలు. మధ్యలో రెండు తరాలు తెప్పల మీదే పుట్టి తెప్పల మీదే పోయాయి. ఇప్పటికీ జనంలో సగం పైగా నీటూరులోనే ఉన్నారు. తెప్పకి తెప్ప కట్టుకుని, దిబ్బల మీద తమకి మడి ఎప్పుడిస్తారా అని కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు.

మడి ఊరికే ఇవ్వరు. మూడు పంటల్లోగా పప్పుదినుసు పండించి అందరి గాదెలో వాటా పోయాలి. చేపా నాచూ తిని తిని పప్పుకి మొహం వాచిపోయి ఉన్నాం కాబట్టి గట్టు సభ పెట్టిన నియమమిది. పండించలేకపోతే మడి వెనక్కి తీసుకుని వరసలో ఉన్న మరొకరికి ఇస్తారు, మనిషిని నీటూరికి పంపేస్తారు. బండెమ్మకి రెండు పంటలు పోయాయి. ఇప్పుడున్నది మూడోది. ఇదీ పోతే ఇద్దరు ఆడపిల్లలతో, కళ్ళు సరిగ్గా కనబడని అత్తగారితో మళ్ళీ నీళ్ళ మీదకి వెళ్ళాలి. భర్త లేడు. రెండు తుపాన్ల కిందట వలకి వెళ్ళి తిరిగి రాలేదు.

మడి చూశాను. జొన్న నిలువెత్తు పెరిగి గాలికి ఊగుతోంది. దాని పక్క చాళ్ళలో బొబ్బర్లన్నీ మెలితిరిగిపోయి ఉన్నాయి. టమాటా మొక్కలైతే తలలు వేలేసి, ఆకులు దారప్పోగుల్లా సన్నబడిపోయాయి. అదే మడి, అవే నీళ్ళు, అదే మనిషి చెయ్యి. సేద్యం చేతకాని మనిషి జొన్న అంత బాగా ఎలా పండించింది? మొక్కల ఆఫీసులో ఒక్క బుర్రకీ ఈ ప్రశ్న తట్టలేదంటే నాకు ఒళ్ళు మండింది.

కాలితో మట్టి కదిపాను. ఇసుకలో చెక్కపేళ్ళు పైకి తేలాయి.

"మా తెప్పేనమ్మా," అంది బండెమ్మ.

గట్టెక్కిన ప్రతి ఇల్లూ తెప్ప కలుపుతుంది. తెప్పని గొడ్డలితో పేళ్ళుగా కొట్టి, మడిలో చల్లి, తవ్వి కలిపేస్తారు. మొదట్లో అవసరం కొద్దీ చేశారు, ఉత్త ఇసుకలో ఏదో ఒకటి కుళ్ళితే తప్ప మొక్క నిలవదు కాబట్టి. తర్వాత అదే వేడుకైంది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి తలా ఒక గుప్పెడు చల్లుతారు. ఇన్నాళ్ళు మమ్మల్ని మోశావు, ఇకమీదటా మొయ్యి అని తెప్పకి చెప్పుకుంటారు. పెళ్ళికి పిలవకపోయినా ఊరుకుంటారు గానీ తెప్ప కలపడానికి పిలవకపోతే జన్మలో మాట్లాడరు.

"మా మావ, మా అత్త పెనిమిటి, కట్టిన తెప్ప. మొదటి దెబ్బ ఎయ్యడానికి నాకు సెయ్యాడలేదు. మా అత్తే గొడ్డలి తీసుకుని ఏసినాది. ఇంత సేసినా మట్టి మమ్మల్ని ఒల్లనంతాది, సూడమ్మా," అంది.

ఒక పేడు తీసి తుడిచాను. రెండేళ్ళు మట్టిలో ఉంది. ఎక్కడా కుళ్ళలేదు. మీద పూత కొత్తగా వేసినట్టే నిగనిగలాడుతోంది.

నమోదు 43

బండెమ్మ మడికి ఆనుకుని కోడా లచ్చన్న మడి. నిన్న వస్తూ వస్తూ చూసి, ఈ పూట పనిగట్టుకుని మళ్ళీ వెళ్ళాను. లచ్చన్న బొబ్బర్లు ఆకుపచ్చగా ఒకదాని మీద ఒకటి పాకి, కాయ దిగి ఉన్నాయి. టమాటాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. మధ్యలో అడ్డం ఒక్క ఇసుక గట్టు. అటు పచ్చన, ఇటు చావు.

లచ్చన్న ముసలాయన, ఒంటరివాడు. నన్ను చూడగానే చేతులు జోడించేశాడు.

"నానేటీ దొంగతనం సెయ్యలేదమ్మా. బండెమ్మ మడి సారం నాను లాగేసుకుంతన్నానంట. మందు పెట్టినానని కూడా అంతన్నారు. నాకు మందులు తెలిస్తే నా మోకాళ్ళకి పెట్టుకోనా?"

నవ్వొచ్చింది. మందు మాట కాదు, మట్టిలో ఏం కలిపావని అడిగాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఏటీ కలపలేదు. నా తెప్ప తుపానుకి ముక్కలైపోయి కొట్టుకుపోనాది. ఎవుడి తెప్పో ఎక్కి వచ్చినాను. కలపడానికి నాకాడేటుంది? నాచు తొక్కలు, సేప పొట్టు, అంతే. ఆ రోజు అందరూ జాలిపడినారు. తెప్ప లేనోడు మట్టిలో నిలవడన్నారు."

రెండు మళ్ళ మధ్య ఇసుక గట్టు మీద అలాగే నిలబడిపోయాను. తెప్ప కలిపిన ఇల్లాలి పంట చచ్చింది. తెప్ప లేని ముసలాడి పంట బతికింది. మన జనం ఏం చేశారు? ఆవిణ్ణి చేతకానిదన్నారు, ఈయన్ని దొంగన్నారు. తెప్ప మీద ఒక్కడికీ అనుమానం రాలేదు. వస్తే పాపమనుకున్నారేమో!

దిబ్బల మీద ఇంకెన్ని మళ్ళు ఇలా ఉన్నాయో సాయంత్రం దాకా తిరిగి చూశాను. పాత కాలంలో గట్టెక్కిన వాళ్ళవన్నీ బాగానే ఉన్నాయి. వాళ్ళ తెప్పలకి చేపనూనె, తారు పూసేవారు. చెక్క కుళ్ళకుండా కార్ఖానా చేసే చలవపూత వచ్చాక గట్టెక్కిన వాళ్ళ మళ్ళలోనే బొబ్బరు మెలితిరుగుతోంది. అందులో చాలామంది ఇప్పటికే మళ్ళు వదిలేసి వెళ్ళిపోయారు. మాకు చేతకాదేమో అని వాళ్ళే నమ్మేసి, తలొంచుకుని వెళ్ళారట. అది విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

నమోదు 45

చలవపూత మాట మా ఆఫీసు పెద్ద అప్పలస్వామి గారి దగ్గర ఎత్తాను. మంచాయనే. గొంతు పెంచి ఎరగడు. పొద్దున్నే వచ్చి గాజుతొట్టిలో నాచుకి తనే నీళ్ళు మార్చుకుంటాడు. మా పరీక్షలన్నీ ఆ తొట్టిలోనే. నాచు బతికితే రసాయనం మంచిది, నాచు పోతే చెడ్డది. తర్వాత రొయ్యపిల్ల, తర్వాత చేప. రెండు తరాలు నాచురొట్టె తిని బతికిన జనానికి అంతకన్నా పెద్ద తీర్పు లేదు. చలవపూతకి మూడింటిలోనూ పూర్తి మార్కులు వచ్చాయి, నేనీ ఉద్యోగంలోకి రాకముందే.

"నేలమొక్కల మీద దాన్ని పరీక్షించాలి సార్," అన్నాను.

"చినతల్లీ, నియమం నీకు తెలుసు. రసాయనం నేలకు చేరితేనే నేలమొక్క పరీక్ష. చేరకపోతే నాచు పరీక్షే చాలు. చలవపూత దేనికి వాడతారు?"

"తెప్పలకి సార్."

"తెప్ప ఎక్కడుంటుంది?"

"నీళ్ళలో."

"మరి నేలకెలా చేరుతుంది?"

"గొడ్డలితో సార్," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ మేనల్లుడు గట్టెక్కినప్పుడు మొదటి గుప్పెడు చల్లింది మీరే కదా. నేనూ చల్లాను. ఆ పేళ్ళ మీద ఉన్నది చలవపూత కాదా?"

"అది ఆచారం, తల్లీ. ఆచారం వాడకం కిందకి రాదు."

ఎంత నెమ్మదిగా అన్నాడో! గట్టెక్కిన ప్రతి ఇల్లూ చేసే పని, ఆయన చేత్తో ఆయన చేసిన పని, వాడకం కాదట. కార్ఖానా వాళ్ళు డబ్బా మీద రాసిందే వాడకమట. జనం చేసేది లెక్కలోకి రాదట.

నేను అక్కడితో ఆపలేదు. పూత కూర్పు తీసి చూశానని చెప్పాను. మొక్క తన ఎదుగుదల కోసం ఒంట్లో తానే తయారుచేసుకునే సరుకొకటి ఉంటుంది. ఎటు తిరగాలో, ఎక్కడ కొమ్మ వెయ్యాలో కాడకి చెప్పేది అదే. చలవపూతలో ఉన్నది దానికి దగ్గర చుట్టం. అది చిటికెడు ఎక్కువైనా బొబ్బరు లాంటి మొక్కకి పిచ్చెత్తినట్టవుతుంది. జొన్న లాంటి గడ్డిజాతికి పట్టదు. నాచుకి అసలు పట్టదు. కాడా కొమ్మా లేనిదానికి మెలితిరగడానికి ఏముంది గనక?

"ఒకదానికి ఒప్పుకుంటే రేపు సబ్బుకీ కావాలంటావు, దీపం నూనెకీ కావాలంటావు. కొన్ని వందల రసాయనాలు. అన్నింటికీ మొక్కలు పెంచుతూ కూర్చుంటే మనం పండించుకు తినేదెప్పుడు?"

"అన్నింటికీ అక్కర్లేదు సార్. సబ్బు మట్టిలో నాలుగు రోజులకి విరిగిపోతుంది. దానికి వద్దు. మట్టిలో ఏళ్ళ తరబడి నిలిచేవి, ఏ దారిన పోయినా చివరికి మట్టికే చేరేవి, మొక్క ఒంట్లో ఉండే సరుకుని పోలినవి. ఈ మూడూ అడిగితే చాలు, పరీక్ష దేనికి కావాలో తేలిపోతుంది. అప్పుడైనా ఒక్క జొన్న మీద చేసి చేతులు దులుపుకోకూడదు. గడ్డిజాతొకటి, కాయజాతొకటి అయినా ఉండాలి."

ఆయన నాచు వైపు తిరిగాడు. "పరీక్ష అని రాయకు. ఇంట్లో నువ్వు మొక్కలు పెంచుకుంటే నేనడ్డం రాను," అన్నాడు. ఆయన ధైర్యం అంతవరకే. నేను 'పిరికితనం' అని కొట్టాను. రాతమర 'జాగ్రత్త' అని మార్చమంటుందా? చావనీ.

నమోదు 46

ఇంట్లో మొక్కలు పెంచుకుంటున్నాను, పెద్దాయన అన్నట్టే. కొబ్బరిచిప్పలు దొరికినన్ని పోగేశాను. లచ్చన్న మడి నుంచి మట్టి మోసుకొచ్చాను. కొన్ని చిప్పల్లో ఉత్త మట్టి, కొన్నింటిలో పొయ్యిలోకి తెచ్చుకున్న పూతలేని చెక్కని పొట్టు కొట్టి కలిపాను. మిగతావాటిలో బండెమ్మ తెప్ప పేళ్ళు చిటికెడు, గుప్పెడు, రెండు గుప్పెళ్ళు. అన్నింటిలోనూ బొబ్బరు, టమాటా, జొన్న పెట్టాను. ఏ చిప్పలో ఏముందో అడుగున గీసి, వరస కలిపేశాను. నా కళ్ళు నాకు కావలసిందే చూడకూడదు కదా.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "కూరగాయల కొట్టు పెడతన్నావేటే, చినతల్లీ?" అంది. అవునన్నాను.

నమోదు 49

చిప్పలు తిరగేసి గీతలు చూశాను. చూడకముందే తెలిసిపోయింది.

ఉత్త మట్టిలో బొబ్బరు నిటారుగా ఉంది. పూతలేని చెక్క కలిపిన దాంట్లో కాస్త పసుపెక్కింది, అంతే. కాడ తిన్నగానే ఉంది. తెప్ప పేళ్ళు చిటికెడు వేసిన చిప్పలోనే ఆకు దొప్ప కట్టడం మొదలైంది. గుప్పెడు వేసినచోట కాడ మెలితిరిగింది. రెండు గుప్పెళ్ళు వేసినచోట మొలక పైకొచ్చి, మళ్ళీ మట్టిలోకే వంగిపోయింది. టమాటా కూడా అంతే. జొన్న మాత్రం అన్ని చిప్పల్లోనూ హాయిగా పెరిగింది, దాన్ని చూస్తేనే కోపమొచ్చేంత హాయిగా.

బండెమ్మని పిలిచి చూపించాను. ఆవిడ ఒక్కో చిప్పా చేతిలోకి తీసుకుని, మెలితిరిగిన కాడని వేలితో సరిచెయ్యబోయింది. అది మళ్ళీ తిరిగిపోయింది.

"అంటే మా మావ కట్టిన తెప్పే సంపేసినాదా, అమ్మా?"

"తెప్ప కాదక్కా. దానికి పూసిన పూత."

"మరి పూత పుయ్యకపోతే నీటూరులో తెప్పకి పట్టా ఇవ్వరు కదమ్మా. పుయ్యమన్నదీ మీరే, కలపమన్నదీ మీరే, కలిపినాక సేతకాదన్నదీ మీరే."

ఆ 'మీరు'లో నేనూ ఉన్నాను. సభలో ఇదే మాట చెప్పాలని అడిగాను. చెప్తానంది.

నమోదు 52

గట్టు సభ ఈ పూట కూర్చుంది. చిప్పలన్నీ తట్టలో పెట్టుకుని బండెమ్మా నేనూ మోసుకెళ్ళాం. అప్పలస్వామి గారు సభలోనే ఉన్నాడు, పెద్దల పక్కన. చలవపూత కార్ఖానా తరఫున జోగినాయుడు అనే ఆయన వచ్చాడు. బాగా నవ్వే మనిషి. నవ్వుతూనే ఒక పళ్ళెం ముందుకు జరిపాడు.

"చలవపూత వేసిన పలక మీద పెరిగిన నాచుతో చేసిన రొట్టె. నా భార్యే చేసింది. మీ ఎదుటే తింటాను," అని తిన్నాడు. ఆఖరి ముక్క దాకా తిని, మూతి తుడుచుకున్నాడు. "నాచు బావుంది, చేప బావుంది, నేనూ బావున్నాను."

సభ చప్పట్లు కొట్టింది. నేను చెప్తే నమ్మరు గానీ నిజంగా కొట్టింది. ఆ రొట్టె తిన్నది ఆయన. చచ్చింది బొబ్బరు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

"మీరు నాచూ కాదు, చేపా కాదు, బొబ్బర మొక్కా కాదు బాబూ," అన్నాను. "మీరు తిని బతికితే మొక్క బతికినట్టు కాదు. ఒక్క చిప్ప పట్టుకుని చూడండి."

ఆయన పట్టుకోలేదు. కొబ్బరిచిప్పల్లో చేసింది పరీక్ష కాదన్నాడు, వంటింటి ముచ్చటన్నాడు. పోనీ మీరే సరైన పరీక్ష చెయ్యండి అన్నాను. అవసరం లేదన్నాడు, ఎందుకంటే పూత నేలకు చేరదట. నేల మీద నిలబడి, నేలలోంచి తీసిన పేడు నా చేతిలో ఉండగా, నా మొహం మీద అన్నాడు.

బండెమ్మ లేచింది. సభలో ఎప్పుడూ మాట్లాడని మనిషి. ఒక్క మాట తడబడలేదు.

"అయ్యా, నాను నెక్కలు తెలిసిన దాన్ని కాను. మనలో ముందోల్లు గట్టెక్కినప్పుడు తెప్ప కలిపితే పంట పండినాది. నాను కలిపితే సచ్చినాది. నా సేతులు మారలేదు, ఇసక మారలేదు. తెప్పకి పూసింది మారినాది. ఇంత సిన్న మాట ఇన్ని కుర్చీల్లో కూకున్నోల్లకి ఎలగ తెలీలేదు?"

నాకు గుండె నిండిపోయింది. ఇక తీర్పు మావైపే అనుకున్నాను. అంత వెర్రిదాన్ని నేను.

పెద్దలు లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. అప్పలస్వామి గారే చదివాడు. ఇకముందు వచ్చే కొత్త పూతల విషయంలో నేలమొక్కల పరీక్ష అవసరమా కాదా అన్నది పరిశీలించడానికి ఒక కమిటీ వేస్తారట. చలవపూత పాతది, ఇదివరకే ఒప్పుకున్నది, కాబట్టి దానికి ఇది వర్తించదట. తెప్ప కలపడం జనం మనసుకి సంబంధించిన ఆచారం, అందులో సభ తలదూర్చదట. బండెమ్మ మూడో పంటకి కూడా వాటా పొయ్యలేదు కనక మడి వెనక్కి తీసుకుంటారట. చివర్లో సానుభూతి అని ఒక ముక్క కూడా ఉంది.

చదువుతున్నంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. నేను మాత్రం ఆయన్నే చూశాను. "ఆ మడిలోకి ఇంకొకరిని పంపితే వాళ్ళ బొబ్బరూ చస్తుంది సార్. వాళ్ళూ ఇంకో తెప్ప కలుపుతారు. అప్పుడు వాళ్ళని కూడా చేతకాని వాళ్ళంటారా?" అని అరిచాను. అవును, అరిచాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

నమోదు 53

మడి ఖాళీ చేయించేముందు సభకి ఒక చిక్కొచ్చింది. బండెమ్మని నీటూరికి పంపాలి. దేని మీద పంపుతారు? ఆవిడ తెప్ప మట్టిలో ఉంది. ఈ సంగతి తీర్పు రాసేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చాక తెప్పల యార్డు నుంచి ఒక కొత్త తెప్ప ఇప్పించమన్నారు. ఉచితంగానే. అంత దయ.

నేనూ యార్డుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఆఫీసులో కూర్చోలేకపోయాను. ఎండకి యార్డంతా చలవపూత వాసన వేస్తోంది. బండెమ్మ అత్తగారు పెద్దమనవరాలి భుజం పట్టుకుని నిలబడింది. చిన్నది సామాన్ల మూట మీద కూర్చుంది. యార్డు మనిషి నిగనిగలాడే తెప్ప ఒకటి దుంగల మీద దొర్లించుకొచ్చాడు.

"మంచిదే ఇస్తన్నాను. మూడు పొరల పూత. మీ మనవల కాలం దాకా కుళ్ళదు."

బండెమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. చేత్తో తాకలేదు. షెడ్డులో పక్కన పడున్న పచ్చి చెక్కల వైపు చెయ్యి చూపించింది.

"నాకది కట్టియ్యి బాబూ. పూత లేకుండా."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదని చూసి ఆపేశాడు. "అది రెండు వానాకాలాలు ఆగదమ్మా. ముసలామె, పిల్లలు ఉన్నారు. పూతలేని తెప్ప ఇవ్వాలంటే పరీక్షల ఆఫీసు ఒప్పుకోవాలి. మనుషులకి ప్రమాదమని రూలు," అన్నాడు.

పూసినదాన్ని మట్టిలో కలిపితే అడగని రూలు, పుయ్యనిదాన్ని నీళ్ళలోకి దింపితే అడుగుతుంది. ఇద్దరూ నా వైపు చూశారు.

నేను బండెమ్మని పక్కకి తీసుకెళ్ళాను. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అది నిజంగానే ప్రమాదం. ఆవిడ భర్త గట్టి తెప్ప మీద నుంచే పోయాడు. పచ్చి చెక్క మీద ఇద్దరు పిల్లల్ని ఎక్కిస్తే, ఏ రాత్రి ఏ గాలికి ఏం జరిగినా దానికి నా సంతకం ఉంటుంది. ఆ మాటే చెప్పాను. పూతది తీసుకో అక్కా, మళ్ళీ గట్టెక్కే వంతు వచ్చినప్పుడు ఊరికే కలపకుండా వదిలెయ్యి అన్నాను.

"కలపకుండా?" అంది. నేనేదో అనరాని మాట అన్నట్టు చూసింది. "తెప్ప కలపకుండా మట్టిలోకి ఎలగ దిగుతానమ్మా? మా మావని వదిలేసి దిగినట్టుంతాది."

"లచ్చన్న దిగలేదా?"

"ఆ ముసలాయనకి ఇప్పటికీ నిద్ర పట్టదు. నాను అడిగినాను."

సంతకం పెట్టాను. కారణం రాయాల్సిన చోట ఇలా రాశాను: ఈ తెప్ప మీద ప్రమాదం ఉంది, ఆ ప్రమాదం తెచ్చిపెట్టింది గట్టు సభా మా ఆఫీసూ. నా ఉద్యోగం ఏమవుతుందో తెలీదు. పోతే పోనీ.

సాయంత్రానికి చెక్కలు కట్టి నీళ్ళలోకి తోశారు. ముందు అత్తగారిని ఎక్కించి, పిల్లల్ని ఎక్కించి, బండెమ్మ మోకాలి లోతు నీళ్ళలో తాడు పట్టుకుని నిలబడింది. యార్డు మనిషికి ఇంకా మనసు ఒప్పలేదు. పూత డబ్బా, కుంచె పట్టుకుని ఆవిడ వెనకాలే నీళ్ళలోకి దిగాడు.

"ఒక్క పొరైనా ఎయ్యనీయమ్మా. కుళ్ళిపోద్ది, నా మాటిను."

"కుళ్ళనియ్యి బాబూ," అంది బండెమ్మ. "కుళ్ళనిది మట్టెలగవుద్ది?"

అతను కుంచె దించేశాడు. ఆవిడ తెప్పెక్కి గడ పట్టుకుంది.